మిగిలిపోయిన ఒక్క తాళంచెవి

ఆత్మకూరు,
అక్టోబరు 11, శనివారం.

ప్రేమగల అమ్మకు,

నీ కూతురు కరుణశ్రీ వందనాలతో రాసేది. ఇక్కడ నాయన, అవ్వ, నేను ముగ్గురం క్షేమం. క్షేమం అన్న మాటను ఈసారికి ఒంటి వరకే తీసుకో, మిగతాది కింద రాస్తాను. కువైట్‌లో నీ ఆరోగ్యం, నువ్వు చూసుకునే ఆ పెద్దామె ఆరోగ్యం బాగున్నాయని తలుస్తాను.

సీతారామపురం దేవకమ్మక్క తెచ్చిన నీ ఉత్తరం అందింది. ఆమె సెలవు అయిపోయింది. ఈ సాయంత్రం అయిదు గంటలకు ఇక్కడి బస్టాండులో నెల్లూరు బస్సు ఎక్కుతుంది, అక్కడి నుంచి చెన్నై, ఆపైన విమానం. "నీ ఉత్తరం కోసరం బస్సు ఆగదు పాపా, అయిదుకంతా తెచ్చి నా చేతిలో పెట్టాల" అని పొద్దునే ఫోన్ చేసి హెచ్చరించింది. ఇప్పుడు ఒంటిగంటన్నర. ఆఫీసులో అందరి ల్యాప్‌టాప్‌లూ తనిఖీ వాళ్ళు పట్టుకుపోయారు. నా టేబుల్ మీద ఈ తెల్లకాగితాలు, అన్నం డబ్బా తప్ప ఏమీ లేవు. నాలుగు గంటలకు మా సురేంద్రబాబు సార్ ఒక ఫిర్యాదు మీద సంతకం పెట్టి పోలీస్ స్టేషన్‌కు పోతారు. అందులో ఒక మనిషి పేరు ఉంది. ఆ పేరు అక్కడ ఉండకూడదు. దాన్ని తీయించగలిగేది నేనొక్కదాన్నే, తీయిస్తే నష్టపోయేది మనమే. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. శుక్రవారం ఫోన్ చేస్తే నీ పక్కన మేడమ్ పిల్లలు, నా పక్కన నాయన. అట్లా చెప్పే సంగతి కాదు ఇది. ముందు నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాయనీ, లేకపోతే అంతా కలగాపులగం చేసి నిన్ను హడలగొడతాను.

అవ్వ కన్ను ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక ఆమె మొదట చూసింది నన్నూ నాయననూ కాదు, ఇంటి కప్పుకున్న బూజును. "ఏందే ఇది, ఇల్లా, సాలెపురుగుల సత్రమా? ఇన్నాళ్ళూ నాకు కనపడదని ఆటలాడినారా మీరు?" అని ఒకటే తిట్లు. ఆ రోజు నుంచి చీపురు ఆమె చేతిలోనే ఉంది.

నాయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగావు. వేసుకుంటున్నానని ఆయన చెప్తున్నాడు, డబ్బాలో మాత్రలు మాత్రం తగ్గడం లేదు. ఇప్పుడు నేనే పొద్దున బస్సుకు బయలుదేరే ముందు నోట్లో వేసి నీళ్ళు తాగించి వస్తున్నాను. చుక్కల మేక రెండు పిల్లల్ని ఈనింది, రెండూ ఆడవే. ఆ సంబరంలో ఉన్నాడు.

మూడో ప్రశ్న నా ఉద్యోగం గురించి. "మూడు చోట్ల కాపలాను ఒక చోటికి తెచ్చే పని అయిందా? అసలు ఆ పని ఏందో దేవకమ్మ అడిగితే చెప్పలేకపోయినాను" అని రాశావు. చెప్తాను. దీనితోనే మిగతావన్నీ ముడిపడి ఉన్నాయి.

మా ఆఫీసు ఆరు చిన్న ఆస్పత్రుల కంప్యూటర్ పని చూస్తుందని నీకు తెలుసు. రోగుల వివరాలు, బిల్లులు, ఎక్స్‌రేలు మా గదుల్లో ఉండవు. పెద్ద కంపెనీలు ఎక్కడో వేల కంప్యూటర్లు పెట్టి, వాటిలో చోటు అద్దెకు ఇస్తాయి. దాన్నే క్లౌడ్ అంటారు. మా సార్ ఏ ఏడాది ఎక్కడ చవకైతే అక్కడ తీసుకుంటూ పోయారు. అట్లా రోగుల వివరాలు ఒకరి దగ్గర, బిల్లులు ఇంకొకరి దగ్గర, ఎక్స్‌రేలు మూడో వాళ్ళ దగ్గర చేరాయి. మూడింటికీ మూడు రకాల తాళాలు, ఎవరెవరికి తాళంచెవులు ఇచ్చామో మూడు జాబితాలు. ప్రమాదం వస్తే ఒకటి ఈమెయిల్ పంపుతుంది, ఇంకొకటి ఫోన్‌కు మెసేజ్ కొడుతుంది, మూడోది మనం పోయి తొంగిచూస్తే గానీ నోరు విప్పదు. ఒక ఎండాకాలం నాయన మేకల్ని మూడు దొడ్లలో తోలి, లెక్క తప్పి, ఒక పిల్ల కోసం కొండంతా తిరిగాడే, మాదీ అదే తిప్పలు. కొండాపురంలో పని మానేసి రెండేళ్ళయిన నర్సుకు ఇంకా రెండు చోట్ల తాళంచెవి ఉందంటే చూసుకో.

ఈ మూడింటి కాపలానూ ఒకే చోటి నుంచి చూసే ఏర్పాటు చెయ్యమని సార్ జనవరిలో నాకు అప్పజెప్పారు. యాభై ఎనిమిది మందికి రెండొందల పన్నెండు తాళంచెవులు ఉన్నాయని తేలడానికే నెలన్నర పట్టింది. ఇప్పుడు ఒక మనిషికి ఒకటే తాళంచెవి, అందరికీ ఒకటే వాకిలి. పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఫోన్‌కు వచ్చే అంకెలు కూడా కొట్టాలి. ఎవరైనా పని మానేస్తే ఒక్కచోట పేరు కొట్టేస్తే మూడుచోట్లా తలుపు మూసుకుంటుంది. హెచ్చరికలన్నీ నా ముందున్న ఒకే తెర మీద పడతాయి. ఆగస్టు చివర్లో పని పూర్తయింది. సార్ ఆరుగురు డాక్టర్ల ముందు నన్ను మెచ్చుకుని, దీపావళి తర్వాత జీతం పెంచుతానన్నారు. ఆ మాట నీకు చెప్పిన రోజే నువ్వు "అయితే నేను డిసెంబరుకు వచ్చేస్తానే" అన్నావు. నీ గొంతులో అంత సంతోషం ఈ రెండేళ్ళలో నేను వినలేదు.

నీ నాలుగో ప్రశ్న గోడకు కార్డు ఎందుకు లేదని. అయిదోది, నెలాఖరులోగా మేడమ్‌కు మానేస్తున్నట్టు చెప్పెయ్యనా అని. "ఊ అను, కాదను, నాన్చొద్దు" అని కూడా రాశావు. ఆ రెండింటికీ జవాబు చివరన రాస్తాను.

వరప్రసాదం మామ నీకు తెలియని మనిషి కాదు. ఉదయగిరి చర్చిలో కానుకల సంచి పట్టేది ఆయనే. మా ఆఫీసు పెట్టిన మొదటి రోజు నుంచి ఉన్నాడు, ఎక్స్‌రేలు ఉన్న మూడో చోటు ఇన్నేళ్ళూ ఆయన చేతి కిందే ఉండేది. ఎవరికి ఏ తాళంచెవి ఇచ్చిందీ నోటుబుక్కులో చేత్తో రాసుకునేవాడు. నేను అన్నీ ఒకటి చేస్తుంటే ఆయనకు నచ్చలేదు. "ఒకే వాకిలి పెడితే, ఆ వాకిలికాడ నిద్రపోయినోడు మూడిండ్లూ పోగొడతాడు పాపా" అని అందరి ముందూ అన్నాడు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "మీ నోటుబుక్కును మ్యూజియంలో పెట్టిద్దాంలే మామా" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

సెప్టెంబరు ఇరవై రెండు, సోమవారం. నేను బస్సు దిగి వచ్చి తెర ముందు కూర్చున్నాను. అంతా పచ్చగా ఉంది, ఒక్క హెచ్చరిక లేదు. తొమ్మిదికి మర్రిపాడు ఆస్పత్రి డాక్టర్ ఫోన్ చేసి, కామయ్య అనే ముసలాయన ఎక్స్‌రే తెరుచుకోవడం లేదన్నాడు. మీ నెట్ చూసుకోండి అన్నాను, తెలివైనదాన్ని కదా. ఆ ఫోన్ పెట్టకముందే ఇంకో ఆస్పత్రి, ఆ వెంటనే మూడోది. అప్పటికి వరప్రసాదం మామ మూడో చోటు లోపలికి పోయి చూసి పెద్దగా అరిచాడు. "అడ్మిన్ బీగం తెరిచుండాది! ఎవడో లోపల ఉండాడు పాపా!" అమ్మా, మా కళ్ళ ముందే ఎక్స్‌రేల లెక్క తగ్గిపోతోంది. మూడువేల నూట నలభై, మూడువేలు, రెండువేల ఎనిమిదొందలు. నేను పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఆయన నన్ను పక్కకు నెట్టి కూర్చుని, ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వచ్చాడు. మొత్తం పదిహేడు నిమిషాలు పట్టింది. ఆలోగా దొంగలు అన్నింటికీ నకళ్ళు తీసుకుని, సగానికి పైగా చెరిపేశారు.

చెరిగినవి వేరేచోట దాచిన కాపీల నుంచి రెండు రోజుల్లో తిరిగొచ్చాయి. కామయ్యకు ఆ రెండు రోజులు ఎవరు తిరిగిస్తారు? తుంటి విరిగిన మనిషి, ఆ రోజే ఆపరేషన్ జరగాలి. పాత ఎక్స్‌రే లేదని మళ్ళీ బల్ల మీదకెక్కించి అటూ ఇటూ తిప్పి తీశారు. నేను సంగతి కనుక్కుందామని ఫోన్ చేసినప్పుడు ఆయన కేకలు వినిపించాయి. ఇప్పటికీ వినిపిస్తున్నాయి.

బయటి నుంచి ఇద్దరు తనిఖీ వాళ్ళు వచ్చారు. దొంగ 'అడ్మిన్' తాళంచెవితో, అంటే ఆ చోటునంతా తెరిచే పెద్ద తాళంచెవితో వచ్చాడని, ఒక్కసారికే సరైన పాస్‌వర్డ్ కొట్టాడని తేల్చారు. పాస్‌వర్డ్ ఎప్పుడు ఎవరు మార్చారన్న చరిత్ర మూడో చోట తొంభై రోజులకు మించి నిలవదు. ఆ అడ్మిన్ తాళంచెవి ఆరేళ్ళ కిందట వరప్రసాదం మామ పేరుతో తెరిచినది. పైగా కొత్త పద్ధతి వద్దని అందరి ముందూ అన్న మనిషి. ఇంకేం కావాలి? కోపంతో తాళంచెవి ఎవరికో ఇచ్చాడని సార్ నమ్మేశారు. "కంచే చేను మేస్తే ఇంక ఎవురికి చెప్పుకోవాలయ్యా?" అని గదిలో నిలబెట్టి గంటసేపు అరిచారు. ఆయన ఒక్కటే మాటన్నాడు. "నేను చెయ్యలేదు సార్." ఇంటికి పంపేశారు.

రెండూ ముప్పావు అయింది. ఇక నాన్చను.

ఆ తాళంచెవి వరప్రసాదం మామ దగ్గర లేదు అమ్మా. జనవరి నుంచి నా దగ్గర ఉంది. పని నాకు అప్పజెప్పగానే ఆయన అడ్మిన్ పాస్‌వర్డ్ నాకు ఇచ్చాడు, నేను వెంటనే మార్చుకున్నాను. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆగస్టులో పాత తాళంచెవులన్నీ రద్దు చేసేటప్పుడు అదొక్కటి వదిలేశాను. కొత్త వాకిలి ఎప్పుడైనా మొరాయిస్తే లోపలికి పోవడానికి ఒక దొడ్డిదారి ఉండాలనుకున్నాను. అట్లాంటి దారి ఉంచుకోవడం తప్పు కాదు. కాగితం మీద రాసి, పాస్‌వర్డ్‌ను కవరులో సీలు వేసి సార్ బీరువాలో పెట్టాలి, ఎవరు తాకినా తెర మీద హెచ్చరిక పడేట్టు చూడాలి. ఆ నియమం రాసింది నేనే. నా దాకా వచ్చేసరికి, నేనున్నాను కదా అనుకున్నాను. జాబితాలో చేర్చలేదు, ఫోన్‌కు అంకెలు వచ్చే ఏర్పాటు చేయలేదు. అందుకే ఆ సోమవారం నా తెరకు ఏమీ తెలియలేదు. వరప్రసాదం మామ ఆగస్టులోనే "ఇంకొకటి మిగిలిపోయుండాది పాపా" అని గుర్తుచేశాడు. "అది నేను చూసుకుంటాలే మామా" అన్నాను.

ఆ పాస్‌వర్డ్ ఏమిటో కూడా నీకు చెప్పాలి. నువ్వు కువైట్ పోయే ముందు, పాత సంవత్సరం చివరి రాత్రి ఆరాధనకు నాకు జ్వరమని నేను రాలేదు. అందరూ బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డులు తీస్తుంటే నా పేరు మీద నువ్వు తీశావు. ఇంటికి తెచ్చి, గోడకు మేకు కొట్టి తగిలించి, "నేను కనపడనప్పుడు దీన్ని చూసుకో" అన్నావు. ఆ వాక్యం మొదటి మాట, పక్కనున్న అంకెలు, అదే నా పాస్‌వర్డ్. ఆఫీసులో ఆ మాట కొట్టినప్పుడల్లా నువ్వు పక్కనే ఉన్నట్టుండేది. పిచ్చిది అనుకో. మూడువేల మంది ఎముకల బొమ్మలకు నా బెంగను తాళంగా వేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మే నెలలో మన చర్చి యువజన కూటాలకు కంప్యూటర్లో పేర్లు నమోదు చేసుకోమన్నారు కదా. మన వాళ్ళు పాస్‌వర్డ్‌లు మరిచిపోతారని, "ఎవరి వాగ్దానం వాళ్ళు పెట్టుకోండి, అదైతే జన్మలో మరిచిపోరు" అని మైకులో చెప్పారు. వందల మందిమి బుద్ధిగా అట్లాగే చేశాం. నేను ఆఫీసులో కూర్చుని ఫారం నింపుతూ, ఈమెయిల్ అడిగిన చోట ఆఫీసులో అందరం వాడేదే కొట్టాను. అడ్మిన్ తాళంచెవికి ఉన్నదీ ఆ ఈమెయిలే. దొంగతనమైన మూడో రోజు, గురువారం, మన యూత్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పేర్ల జాబితా మొత్తం ఎవరో కాజేశారు, అందరూ పాస్‌వర్డ్‌లు మార్చుకోండి అని. అట్లాంటి జాబితా చేతికి వస్తే దొంగలు అందులోని ఈమెయిల్, పాస్‌వర్డ్ పట్టుకుని కనబడిన ప్రతి తలుపుకూ పెట్టి చూస్తారు. ఇంటికి పోయే బస్సులో అది చదివాను. దొంగకు తలుపు తెరిచింది నా పాస్‌వర్డేనని అర్థమైంది.

నీ నాలుగో ప్రశ్నకు జవాబు అదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంటికి పోగానే చెప్పులు కూడా విప్పకుండా కార్డు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. మరునాడే నువ్వు వీడియో ఫోన్‌లో ఖాళీ మేకు చూశావు, రాత్రికి ఉత్తరం రాసి దేవకమ్మక్కకు ఇచ్చావు. నీ కళ్ళకు ఆపరేషన్ అక్కర్లేదు.

పదహారు రోజులు నోరు మూసుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. చెప్తే జీతం పెరగదు, ఉద్యోగమే పోవచ్చు, నువ్వు డిసెంబరుకు రావు. రోజూ పొద్దున బస్సెక్కేటప్పుడు ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని, ఆత్మకూరులో దిగేసరికి అమ్మ రానీ, తర్వాత చూద్దాం అనిపించేది. నిన్ను అడ్డం పెట్టుకుని ఒక పెద్దమనిషిని దొంగను చేశాను. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న సాయంత్రం ఉదయగిరిలో ఆయన ఇంటికి పోయాను. అత్త టీ ఇచ్చింది, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది. మామ నోటుబుక్కు తెచ్చి నా ముందు తెరిచాడు. 'జనవరి 18. అడ్మిన్ బీగంచెవి కరుణశ్రీకి ఇచ్చినాను.' ఆయన చేతిరాత.

"ఇది సార్‌కు చూపిస్తే అయిపోయేది కదా మామా?" అన్నాను.

"అయిపోయేది."

"మరెందుకు చూపించలేదు?"

"నువ్వు వస్తావని. ఆ సోమవారం నువ్వు పాస్‌వర్డ్ తప్పు కొట్టినప్పుడే నాకు తెలిసిపోయినాది. నువ్వు రెబెకమ్మ కూతురివి, వారంలో చెప్పేస్తావనుకున్నా. వారం పోయినాది, రెండు వారాలు పోయినాయి." నోటుబుక్కు మూశాడు. "నేను చెప్తే అది చాడీ అయితాది పాపా. నీ నోటితో నువ్వు చెప్పాల. రేపు నాలుగు దాకా చూస్తా. ఆ తర్వాత ఈ బుక్కు నేనే తీసుకొని పోతా. నాకూ పెండ్లాం ఉండాది, ఈదిలో తలెత్తుకొని తిరగాల."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. ఆయన ఊరుకోమనకపోవడమే నాకు మంచిదయింది.

మూడూ ఇరవై. సార్ గదిలోకి టైపు చేసిన కాగితం పోయింది, నేను చూశాను. లేస్తున్నాను అమ్మా. తిరిగొచ్చి మిగతాది రాస్తాను.

నాలుగూ ఇరవై. చెప్పేశాను.

సార్ చేతిలో పెన్ను మూత తీసి ఉంది. నిలబడే అంతా చెప్పాను, కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కార్డును చూడలేదు. "ఎన్ని రోజులుగా తెలుసు నీకు?" అన్నారు.

"పదహారు రోజులు సార్."

"ఈ పదహారు రోజులూ ఆయన్ను నేను ఏమేమి మాటలన్నానో విన్నావు కదమ్మా."

విన్నాను. గోడ అవతలే కదా నా టేబుల్. సార్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, వరప్రసాదం మామకు ఫోన్ చేసి బల్ల మీద పెట్టారు, నాకూ వినపడేట్టు. సార్ చాలాసేపు తడబడ్డారు. క్షమించమని అనడం ఆయనకు అలవాటు లేదు. అవతల నుంచి ఒకటే మాట వచ్చింది. "పాప వచ్చి చెప్పినాదా సార్? సరే. సోమవారం వస్తా."

ఫిర్యాదు మళ్ళీ రాస్తున్నారు. జరిగింది జరిగినట్టు, నా వాంగ్మూలంతో, దొంగలెవరో తెలియదని. ఆరు ఆస్పత్రులకూ నేనే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాలి, కామయ్య ఇంటికి నేనే పోవాలి. ఒకే వాకిలి పద్ధతి అట్లాగే ఉంటుంది, దాని తాళంచెవుల జాబితా మాత్రం సోమవారం నుంచి వరప్రసాదం మామ చేతికి పోతుంది. నేను ఆయన కింద మూడు నెలలు పని చెయ్యాలి, ఆ తర్వాత ఉంచాలో తీసెయ్యాలో ఆయన్నే అడిగి తేలుస్తానన్నారు. జీతం పెంచే మాట లేదు.

కాబట్టి నీ అయిదో ప్రశ్నకు జవాబు. నాన్చొద్దన్నావు, నాన్చను. మేడమ్‌కు ఇప్పుడే చెప్పొద్దు అమ్మా. డిసెంబరుకు రావద్దు. ఈ రెండు ముక్కలు రాయడానికి కాగితం మీద పెన్ను పెట్టి పావుగంట కూర్చున్నాను. నువ్వు పెట్టె సర్దడం మొదలుపెట్టావని దేవకమ్మక్క చెప్పింది. అవ్వకు మెత్తటి చెప్పులు కొన్నావంట. వాటిని అట్లాగే ఉంచు.

నాయనకు ఈ సాయంత్రమే చెప్తాను. మేకల దగ్గర చెప్తాను, అక్కడైతే ఆయనకు కోపం తక్కువ.

అయిదుకు పది నిమిషాలుంది. దేవకమ్మక్క ఆగలేక బస్టాండు నుంచి తానే వచ్చి, ఆఫీసు కింద నిలబడి "ఇంగా ఎంతసేపు రాస్తావు పాపా!" అని కేకలేస్తోంది. కార్డు తిరిగి నా బ్యాగులోనే ఉంది. ఇంటికి పోగానే మేకుకు తగిలిస్తాను. ఆ అంకెలు ఇప్పుడు ఏ తలుపునూ తెరవవు, పొద్దునే నా ఫోన్‌లో చూసుకున్నాను. శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ముందు గోడ వైపు చూడు. కార్డు అక్కడ ఉంటుంది, దాని కింద నేను నిలబడి ఉంటాను. నన్ను ఏమనాలనుకుంటే అది అను, ఫోన్ మాత్రం పెట్టెయ్యకు.

ఇట్లు,
నువ్వు కార్డు తీసిచ్చిన
నీ కూతురు
కరుణ